చెక్కలకు అలుకు

మోత్కూరుకు దగ్గర్లోని ఆ ఊళ్ళో పటేలు ఇల్లు అమ్మకానికొస్తే కొన్నది లైన్‌మన్ ఎల్లస్వామి. వాళ్ళమ్మ బిక్షమ్మ ఆ ఇంటి వాకిలి ఊడ్చీ అలికీ సగం వయసు అరగదీసుకున్న మనిషి. కాగితాల మీద ఇల్లు ఒక్క పూటలో చేతులు మారింది. కొడుకూ కోడలు గ్రేస్ కింది అర్రల్లో కాపురం పెట్టారు. బిక్షమ్మ మాత్రం ఊరవతలి వాడలోని రేకుల ఇల్లు వదల్లేదు. పగలు వచ్చినా వాకిట్లోనే కూర్చునేది.

పైన టేకు చెక్కలు పరిచిన పెద్ద అర్ర ఉంది. రెండు వైపులా కిటికీలు, దండిగా గాలి. అది అమ్మకేనని ఎల్లస్వామి పట్టుదల.

"మెట్లెక్కుతే మోకాళ్ళు గుంజుతయి కొడుకా," అనేది ఆమె.

"పొద్దుగూకేదాంక పత్తి ఏరుతే గుంజయి గని, గీ నాలుగు మెట్లకు గుంజుతయా?"

మోకాళ్ళది వట్టి సాకు. వాడ మనుషులకు ఆ గడప దాటే హక్కు ఏనాడూ లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేసే ముద్ర ఆ భయం దాకా పోదు.

ఎల్లస్వామి నల్లగొండ నుంచి చెక్కను అరగదీసే మిషన్ కిరాయికి తెచ్చాడు. శనివారం మొగుడూ పెళ్ళాం ముక్కులకు గుడ్డలు కట్టుకుని, గరుకు కాగితాలు మార్చి మార్చి, తరాల నాటి నల్లటి మడ్డిని లేపేశారు. కింద నుంచి తేనె రంగు చెక్క బయటపడింది. తెల్లారి చర్చి నుంచి రాగానే వార్నిష్ వేద్దామనుకున్నారు.

"పైనంత గీకినం అమ్మా. ఇగ పూసుడే ఉన్నది," అని ఎల్లస్వామి చెప్పి పోయాడు.

మట్టి నేల గీకితే ఏం పూస్తారో బిక్షమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు. గీకిన నేలను, చెక్కదైనా సరే, ఎండనిస్తే పాడవుతుందనుకుంది. వాళ్ళు చర్చికి పోగానే పేడ కలిపింది, బకెట్ పట్టుకుని గడప దాటింది, మెట్లెక్కింది. మూల నుంచి మూలకు అరచేతి వరసలు తీర్చి అలికింది. గోడ వారన సుద్దతో ముగ్గు గీత కూడా లాగింది.

వచ్చి చూసిన ఎల్లస్వామి తల పట్టుకున్నాడు.

"ఏందమ్మా గిది! చెక్కకు ఎవలన్న పేడ పూస్తరా?"

"నువ్వే గదరా పూసుడున్నదంటివి!"

"వార్నిష్ పూసుడమ్మా! చూడు, నీళ్ళు తాగి చెక్క పోగులెట్ల లేచినయో!"

గ్రేస్‌కు నవ్వాగలేదు. "ఊకోండి జర. అత్తమ్మా, మోకాళ్ళెట్లున్నయి? పైకైతే ఎక్కితివి గదా!"

బిక్షమ్మ చేతిలోని అలుకు గుడ్డ వంక చూసుకుంది. "పనికి ఎక్కిన పిల్లా. ఉండనీకె ఎక్కిన్నా?"

గ్రేస్ నవ్వు ఆగిపోయింది. ఎక్కమని ఇన్నాళ్ళూ ఎల్లస్వామి అడిగాడే గానీ, అమ్మ ఎందుకు ఎక్కడం లేదో ఒక్కసారీ అడగలేదు. వంగి ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"లే అమ్మా. ఇది నేను కడుగుత. నువ్వు గాడ కూసొని చెప్పు."

బిక్షమ్మ కూర్చుంది. మొదట గోడకు ఒదిగి, కాసేపటికి కాళ్ళు చాపి. కొడుకు తుడుస్తుంటే "గా మూల ఇడిసిపెట్టినవ్, కండ్లు ఏడ పెట్టినవ్ రా" అని గదిమింది.

తడి ఆరాక లేచిన పోగుల్ని ముగ్గురూ మెత్తటి కాగితంతో చేత్తోనే రుద్దారు. చెక్క మునుపటికంటే నున్నగా తేలింది. ఒక మూల మాత్రం పచ్చ చాయ మిగిలింది. మిషన్ పెట్టి తీసేస్తానన్నాడు ఎల్లస్వామి.

"ఉండనియ్. నా అర్ర, నా ఇష్టం," అంది బిక్షమ్మ.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే తెలియలేదు. గ్రేస్ విన్నది, మొగుడి వైపు చూసింది. అతడు తల తిప్పుకుని వార్నిష్ డబ్బా మూత తీశాడు.

"గంత మెరిసేది వద్దు రా, జారి పడత. మెరుపు తక్కువది తే. ఎల్లుండికి ఎండుతదా? మంచం గా కిటికీ కాడ ఎయ్యాలె. మీ ఇద్దరి ముచ్చట్లు వినపడొద్దు నాకు."

"మేమే నీ ముచ్చట్లకు చెవులు మూసుకోవాలె అత్తమ్మా," అంది గ్రేస్.