సున్నాకు రాని ముల్లు

ఒక అమ్మాయి ఇంజనీరింగ్ చదువు నా చేతుల మీదుగా ఆగిపోయింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. మోసి మోసి అలసిపోయి ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి. పిరికిదాన్నని అనుకుంటే అనుకోండి, అందులో అబద్ధమేమీ లేదు.

మాది గౌడవెల్లి. మా బాపు మేడ్చల్ చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో పనిచేసేవాడు. మా ఇంట్లో మొదటి ఇంజనీరును నేనే. తొంభైల చివర్లో శామీర్‌పేట దాటాక కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఎలక్ట్రికల్ ల్యాబ్ నా చేతికిచ్చారు. జవహర్‌నగర్ చెత్తకుప్పల మీదుగా గాలి ఇటు తిరిగితే కిటికీలన్నీ మూసుకుని, ఉక్కపోతలో ప్రయోగాలు చేయించేదాన్ని. అయినా గర్వంగానే ఉండేది. ద్రాక్షతోట కూలీ బిడ్డను అందరూ మేడమ్ అని పిలుస్తుంటే ఎందుకుండదు?

ఆ అమ్మాయిని సోంబాయి అందాం. అసలు పేరు కాదు. ఉట్నూరు వైపు ఒక గోండు గూడెం నుంచి వచ్చింది. ఇంట్లో గోండి మాట్లాడతారు. తెలుగును గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలలో నేర్చుకుంది. ఇంగ్లీషు మా దగ్గరికి వచ్చాకే. మా బ్రాంచి మొత్తానికి ఆదివాసీ పిల్ల ఆమె ఒక్కతే. ప్రతి లెక్చరరూ కొందరు విద్యార్థుల బాగోగులు చూడాలని కాలేజీలో నియమం ఉండేది. సోంబాయి నా జాబితాలోనే ఉంది. ఏడాది మొదట్లో ఒకసారి పిలిచి తండ్రి పేరు, ఊరి పేరు రాసుకుని పంపించాను. బాగోగులు చూడటం అంటే నాకు తెలిసింది అంతే.

ఇక్కడ మా ల్యాబుల సంగతి ఒకటి చెప్పాలి. మా కాలేజీలో ప్రయోగం చేసి రీడింగులు రాసేవాళ్ళు తక్కువ. సీనియర్ల పాత రికార్డులు చేతులు మారుతూ వస్తాయి. ఒకే ఊరివాళ్ళో, ఒకే కులంవాళ్ళో, హాస్టల్లో ఒకే గదివాళ్ళో ఇచ్చుకుంటారు. అందులోని అంకెలు అటూ ఇటూ కాస్త మార్చి రాస్తే గ్రాఫు చక్కగా వంపు తిరుగుతుంది. సంతకం పడుతుంది. నేను చదివిందీ అలాగే. సోంబాయికి మాత్రం పాత రికార్డు ఇచ్చే సీనియర్ ఎవరూ లేరు. అందుకని ఆ పిల్ల నిజంగానే ప్రయోగం చేసేది.

ఆ రోజు ట్రాన్స్‌ఫార్మర్ ప్రయోగం. దీపాలు ఒక్కొక్కటీ వెలిగించుకుంటూ పోయి, లోపలికి ఎంత కరెంటు వెళ్ళింది, బయటికి ఎంత వచ్చింది అని లెక్క కట్టాలి. ఎప్పుడూ నూటికి తొంభై ఐదు దగ్గర వస్తుంది. ఆ టేబుల్ మీద నలుగురు పిల్లలు. ముగ్గురికి తొంభై ఐదు. సోంబాయికి నూట నాలుగు. అంటే పోసినదానికన్నా ఎక్కువ బయటికి వస్తోందన్నమాట. అలా జరగదు. ఆమె నోటుపుస్తకంలో పేజీ పైన పెన్సిల్‌తో ఒక వాక్యం రాసి ఉంది. కరెంటు ఆపినా దీపాల వైపు అమ్మీటరు ముల్లు సున్నాకు రాలేదు, అర ఆంపియర్ దగ్గర ఆగింది అని. ఆ వాక్యం నేను చూడలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. చూశాను. చదివాను కూడా.

"నూటికి నూట నాలుగా?" అన్నాను, ల్యాబంతా వినపడేట్టు. "ఇగ కరెంటాఫీసులెందుకు, నిన్ను కూసోబెడితె రాష్ట్రమంత దీపాలు ఎలుగుతయి. ఎక్కడికెల్లి కాపీ కొట్టినవ్?"

"కాపీ గొట్టలే మేడమ్. ముల్లు సున్నకు వస్తలేదు. నేను జూసిందే రాసిన."

"సీటు ఉత్తగ దొరికినట్టు రీడింగులు గూడ ఉత్తగ దొరకయి. తెలిసిందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, బీరువాలోంచి పాత రికార్డు ఒకటి తీసి ఆమె ముందు పడేసి, చూసి రాసుకు రమ్మన్నాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను, చూడండి నా తెలివి!

ఎందుకలా చేశాను? మర్నాడు తనిఖీ బృందం వస్తోంది. మీటర్లన్నీ పరీక్షించి చూశాను, సరిగా ఉన్నాయి అని రెండు రోజుల ముందే రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. ఒక్క మీటరూ చూడకుండానే. సోంబాయి రాసింది నిజమైతే నా సంతకం అబద్ధం, మిగతా ముగ్గురి తొంభై ఐదులూ అబద్ధం, వాటి కింద నేను పెట్టిన టిక్కులూ అబద్ధం. ఇదంతా ఆ క్షణంలో ఆలోచించానా, లేక ఆ పిల్లకు ఏమీ రాదని ముందే నిర్ణయించుకుని ఉన్నానా? మొదటి కారణం చెప్పుకోవడం నాకు తేలిక. రెండోదే ఎక్కువ నిజమని ఇప్పుడు అనిపిస్తుంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక అటెండర్ మల్లయ్య ఆ మీటరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. మా ఊరివాడే. ఎవరూ లేనప్పుడు నన్ను బిడ్డా అనేవాడు.

"గీ ముల్లు నెల దినాల సంది గిట్లనే నిలవడుతాంది బిడ్డా. గా పిల్ల రాసింది కరెక్టే."

వైరు ఒక్కటీ తగిలించలేదు. ముల్లు అర దగ్గర నిలబడి ఉంది, అంటే ఏది కొలిచినా అర ఎక్కువే చూపిస్తుంది. బీరువాలో వెనక పెట్టమన్నాను. ఎవరితోనూ అనొద్దన్నాను. అతను చెప్పినట్టే పెట్టి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున సోంబాయి పాత రికార్డును నా టేబుల్ మీద పెట్టి వెళ్ళింది. తన పేజీని మార్చలేదు. ఎర్ర గీత కింద అవే అంకెలు. నేను ఇరవై ఐదుకు ఆరు మార్కులు వేశాను. అప్పటికి నిజం తెలిసే వేశాను.

దీపావళి సెలవులకు ఇంటికి వెళ్ళిన పిల్ల మళ్ళీ రాలేదు. రెండు నెలల తర్వాత వాళ్ళ నాన్న సర్టిఫికెట్ల కోసం వచ్చాడు. ఆఫీసువాళ్ళు ఒక ఫారం నా దగ్గరికి పంపారు. చదువు మానడానికి కారణం అని ఒక గడి. పాఠాలు అందుకోలేకపోవడం వల్ల అని రాశాను. ఆయన వెళ్ళేముందు నాకు దండం పెట్టాడు.

"మా పిల్లను ఏమనుకోకుండ్రి మేడమ్."

నేను తల ఊపాను. ఏమీ అనుకోనన్నట్టు!

తర్వాత నేను మారానని చెబితే మీరు నమ్ముతారో లేదో. పాత రికార్డులన్నీ పోగుచేసి తగలబెట్టించాను. నోటుపుస్తకంలో ప్రతి ప్రయోగానికీ ముందు ఒక పేజీ వదలమన్నాను. కరెంటు వేయకముందు ఏ మీటరు ముల్లు ఎక్కడుందో అందులో రాయాలి. పిల్లలు దానికి సున్నా పేజీ అని పేరు పెట్టారు. ఊర్ల నుంచి, తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన పిల్లలు చేయి తిరిగేదాకా చేసుకోవడానికి శనివారం మధ్యాహ్నాలు ల్యాబ్ తెరిచి ఉంచాను. మొదట ఇద్దరు వచ్చారు. తర్వాత తర్వాత స్టూళ్ళు చాలేవి కావు. చెంచు పిల్లాడొకడు ఇప్పుడు సబ్‌స్టేషన్‌లో ఇంజనీరు. ఫోన్ చేసినప్పుడల్లా ఇవాళ సున్నా చూశాను మేడమ్ అని ఆటపట్టిస్తాడు. సంతోషంతో కడుపు నిండిపోతుంది. అయితే ఆ సున్నా పేజీకి కాలేజీలో నాకు శాలువా కప్పారు. ఎంత మంచి ఆలోచన మేడమ్ అన్నారు. అది నా ఆలోచన కాదు. నేను ఎర్ర సిరాతో కొట్టేసిన ఒక పెన్సిల్ వాక్యం. శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చాను, నోరు మెదపకుండా.

ఈ ఏడాది ఉట్నూరు వైపు నుంచి సునీత అనే అమ్మాయి చేరింది. మొదటి ల్యాబ్‌లో నేనింకా ఏమీ చెప్పలేదు. మెయిన్ స్విచ్చి వేయకముందే ఆ పిల్ల మీటరు మీదికి వంగి చూసి పుస్తకంలో ఏదో రాసుకుంది. ఎవరు నేర్పారమ్మా అని అడిగాను.

"మా బడిల సైన్సు మేడమ్. ముల్లు యాడున్నదో ముందుగాల జూడు, ఉన్నది ఉన్నట్టు రాయి అంటది. సోంబాయి మేడమ్."

ఆ పిల్ల చెప్పింది అసలు పేరే. మెల్లగా అడిగి తెలుసుకున్నాను. ఇంజనీరింగ్ మానేశాక డిగ్రీ చేసింది. అదే ఆశ్రమ పాఠశాలలో టీచరైంది. ఆమె దగ్గర చదివిన పిల్లలు ఏటా ఒకరో ఇద్దరో ఇంజనీరింగ్‌కు వస్తున్నారట. పోనీలే, మంచే జరిగింది కదా అని నా మనసు తొందరపడింది. వెంటనే సిగ్గేసింది. ఆమె కావాలనుకున్నది ఇంజనీరు. ఆ తర్వాత ఆమె నిలబడింది తన కాళ్ళ మీద. అందులో నా గొప్పేముంది?

ఆ తర్వాతి వారం బీరువా వెనక నుంచి ఆ మీటరు తీశాను. మల్లయ్య రిటైరయ్యాడు, అది మాత్రం పెట్టినచోటే ఉంది. దుమ్ము తుడిచి టేబుల్ మీద పెట్టి, పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి, ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పాను. నేనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా చెప్పాను. ఆ మేడమ్‌ను నేనే అని చెప్పాను. కొందరు నా ముఖం చూడలేక మీటరును చూశారు. సునీత కళ్ళలో కోపం కనపడింది. ఉండాల్సిందే.

సునీతే మీటరు దగ్గరికి వచ్చి అడిగింది. "మరి గీ మీటరుతోని జేస్తే ఎంత తీసెయ్యాలె మేడమ్?"

"అర," అన్నాను. "వచ్చిన ప్రతి రీడింగులోంచి అర తీసేసి లెక్క వెయ్యండి. సరిపోతుంది."

ఆనాడు సోంబాయికి చెప్పాల్సిన మాట ఇదొక్కటే. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది కాదు.

ఆమెకు ఉత్తరం రాసి మేడ్చల్‌లో పోస్టు చేశాను. క్షమించమని రాయలేదు, ఏం జరిగిందో రాశాను. ఆ ఫారం గడిలో నేను రాసింది అబద్ధమని కాలేజీకి కూడా రాసిచ్చి, ఆ కాగితం నకలు ఉత్తరంతో పాటు పెట్టాను. జవాబు రాలేదు. రాకపోయినా అడగను. కాని నిన్న సునీత రికార్డు తెచ్చింది. ఆ మీటరుతోనే చేసిందట. నూటికి తొంభై రెండు వచ్చింది. తొంభై ఐదు కాదు. సున్నా పేజీలో అర ఆంపియర్ అని రాసి ఉంది. రెండుసార్లు లెక్క చూశాను. తప్పు లేదు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, నీలం సిరాతో సంతకం చేశాను.