పొదిలి వాళ్లు ఒప్పుకోరన్నాను

ఒక అబద్ధం ఇరవై ఏళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. మీకు చెప్పేస్తాను. జాలి మాత్రం పడకండి, అది నాకు అక్కర్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. రొమ్ము క్యాన్సర్‌కి ఒక కొత్త మందును రోగుల మీద పరీక్షిస్తున్నారు. రిపోర్టులు సరిపోయిన ప్రతి మనిషికీ దాని మంచిచెడ్డలు చెప్పి, చేరతారా అని అడగడమే నా ఉద్యోగం. చేరినవాళ్లు మధ్యలో మానేస్తే చీవాట్లు నాకే. అందుకని ఇంట్లో ఫోనున్నవాళ్లను, చదువుకున్నవాళ్లను, మావాళ్లు అనిపించినవాళ్లను కూర్చోబెట్టి చెప్పేదాన్ని. మిగిలినవాళ్లను? చూడనట్టే వెళ్లిపోయేదాన్ని.

పొదిలి నుంచి హుస్సేనమ్మ వచ్చేది. భర్త దూదేకి పరుపులు కుట్టేవాడు, ఆమె మిరప కోతలకు వెళ్లేది. రిపోర్టులన్నీ సరిపోయాయి. పక్క మంచం ఆవిడ చెబితే విని, తనే నా దగ్గరికి వచ్చింది.

“ఏందో కొత్త మందంట గదమ్మాయ్. నాకూ జెప్పగూడదా?”

“అది మీకు కుదరదులేమ్మా. కోతలు మొదలైతే మీరు రారు.”

“నేను రానని నీకెవరు జెప్పారు?”

నేను ఇంకో రోగి పేరు పిలిచాను. ఆమె వెళ్లాక రిజిస్టర్లో ఆమె పేరు పక్కన ‘ఇష్టపడలేదు’ అని రాశాను.

మామూలు వైద్యానికి మేం చెప్పిన ప్రతి తేదీకీ ఆమె వచ్చింది. కోతల్లోనూ వచ్చింది. మిరప ఘాటుకు మండుతున్న చేతుల్ని కొళాయి కింద పెట్టుకుని నిలబడేది. మరుసటి ఏడాది ఆమె చనిపోయింది.

ఆ మందు బతికించేదని అనను. పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికే కదా పరీక్ష. కానీ అది ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో తేల్చినప్పుడు ఆమెలాంటి మనిషి ఒక్కరూ అందులో లేరు. లేకుండా చేసింది నేను.

అక్కడితో ఆగానా? పొదిలి వైపు నుంచి ఒక్కరూ లేరేమని పెద్ద డాక్టరు అడిగితే, “వాళ్లు ఒప్పుకోరు సార్” అన్నాను. ఆయన అదే రాసుకున్నారు. నా తర్వాత చేరిన పిల్లలకూ అదే నేర్పాను. ఇప్పుడు మీటింగుల్లో పెద్దపెద్దవాళ్లు లేచి, ఆ జనానికి అవగాహన లేదు, భయం అంటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవరికి భయం? భయపడింది నేను, నా ఉద్యోగానికి.

అప్పట్లో అందరూ అంతే కదా అంటారా? అనకండి. నేను అందరి వెనకా దాక్కోను. ఆమెను వదిలెయ్యమని పైవాళ్లు చెప్పలేదు, ఏ కాగితంలోనూ లేదు. పేరు చూసి, చీర చూసి నేనే తేల్చేశాను.

క్షమాపణ అడగను. ఇవ్వగలిగిన మనిషి లేదు, ఇంకెవరిచ్చినా నాకు వద్దు. హుస్సేనమ్మ కాదనలేదు. నేను అడగలేదు. ఈ రెండు మాటలూ పైకి అన్నాక, ఇవాళ కాస్త ఊపిరి ఆడుతోంది.