గదెందుకు బీరమ్మ

వికారాబాదులో పాలమ్మే ఆడవాళ్లు చాలామందే ఉండేవారు గాని, పాలతో పాటు ప్రశ్నలు కూడా పోసి వెళ్లేది బీరమ్మ ఒక్కతే. స్టేషన్ మాస్టరు దగ్గర రెండు జెండాలు ఎందుకుంటాయి, కచేరీ గుమాస్తా కలాన్ని చెవి మీద ఎందుకు పెట్టుకుంటాడు, అన్నీ ఆమెకే కావాలి. "గదెందుకు?" అని ఎదుటి మనిషి మొహంలోకి చూసేది. జవాబు వచ్చేదాకా పాలచెంబు ఎత్తేది కాదు. అందుకే ఊళ్లో ఆమెకు గదెందుకు బీరమ్మ అని పేరు పడింది. ఆ మాట చెవిన పడ్డా కోపం తెచ్చుకునేది కాదు. అట్లా ఎందుకంటున్నారని మాత్రం అడిగేది.

భర్త మల్లప్ప అనంతగిరి గుట్టల కింద గొర్రెలు మేపేవాడు. ఆమె కూడా ముప్పై ఏళ్లు మంద వెంట తిరిగి, మోకాళ్లు మొరాయించాక రెండు బర్రెలు పెట్టుకుంది. పంతొమ్మిది వందల యాభై ఏడు నాటికి ఆమె పాలు పోసే వాడుకల్లో పెద్దది దవాఖాన పక్కనున్న హాస్టలు. నర్సు చదువు చదివే ఆడపిల్లలు ఇరవై మంది అందులో ఉండేవారు. పొడుగాటి హాలు, రెండు వరసల మంచాలు, పొద్దున్నే ఒకటే గలగల.

ఒకరోజు వంటింటి గట్టు మీద గ్లాసు నిండా నిన్నటి పాలు మీగడ కట్టి కనిపించాయి. మరునాడూ అంతే. మూడో రోజుకు బీరమ్మ ఉండబట్టలేకపోయింది. తన బర్రె పాలు కాదన్నదెవరో తెలియకపోతే ఆమెకు ముద్ద దిగదు.

"శాంతవ్వవి," అంది వంటమనిషి భీమమ్మ. "పాలే గాదు, బువ్వ గూడ ముట్టుతలేదు."

శాంతవ్వ తాండూరు పిల్ల. తండ్రి యోహాను అక్కడి బండల గనిలో రాళ్లు కొడతాడు. వానలు మొదలైనప్పటి నుంచి ఆ పిల్లకు మాట లేదు, నిద్ర లేదు, పుస్తకం ముట్టడం లేదు. గుట్ట మీదే క్షయ దవాఖాన ఉన్న ఊరు కదా, చిక్కిన మనిషి కనిపిస్తే అందరికీ అదే అనుమానం. హాలులోంచి తీసి వరండా చివరి గదిలో పడుకోబెట్టారు. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూశాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. అయినా విశ్రాంతి దొరుకుతుందని మూడు వారాలుగా అక్కడే ఉంచారు. అలాంటి బెంగకు పేరు పెట్టి మందిచ్చేవాళ్లు అప్పట్లో ఆ చుట్టుపట్ల ఎవరూ లేరు. చివరికి మేట్రన్ ఇంద్రమ్మ, శనివారం వచ్చి బిడ్డను తీసుకెళ్లమని యోహానుకు ఉత్తరం రాసింది. ఇంటికి వెళితే చదువు అక్కడితో సరి. తిరిగి చేర్చుకోరు.

బీరమ్మ ఆ గది కిటికీలోంచి తొంగి చూసింది. పిల్ల గోడ వైపు తిరిగి, గోడకు మొహం ఆనించి పడుకుని ఉంది. పిల్లను పోగొట్టుకున్న గొర్రె పొదలో తల దూర్చి నిలబడినట్టే ఉంది. చెంబు అక్కడే పెట్టి నేరుగా మేట్రన్ దగ్గరకు నడిచింది.

"అమ్మా, ఆ పిల్లది అంటురోగమా?"

"కాదు. డాక్టరుగారు కాదన్నారు."

"అంటురోగమైతే ఇడిగ కట్టాలె, నాకెర్కనే. గాదంటున్నరు. మరి ఒక్కదాన్నే ఏసిన్రు, గదెందుకు?"

"మనసు బాగాలేదు. సందడి లేకుండా పడుకుంటే కుదుటపడుతుందని."

"మనాది పట్టిన గొర్రెను మేం మంద నడుమ తోల్తం. ఇడిగ ఉంచితే తెల్లారేసరికి ఉండదు."

ఇంద్రమ్మ మొహం ఎర్రబడింది. "మా పిల్లలు గొర్రెలా బీరమ్మా?"

"గొర్రెకే తోడు గావాలె. మనిషికొద్దా అమ్మా?"

ఆ రోజుకు ఇంద్రమ్మ ఆమెను పంపించేసింది. మరునాడు పాలతో పాటు అదే ప్రశ్న వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. మేట్రన్ చెడ్డ మనిషి కాదు. మూడు వారాలైనా ఆ గదిలో పిల్ల కుదుటపడలేదని ఆమెకూ తెలుసు. మంగళవారం మంచాన్ని హాలులోకి తెప్పించి, రెండు వరసల మధ్య వేయించింది. అక్కడ మొహం తిప్పుకుందామన్నా గోడ లేదు.

రెండు రోజులు ఏ మార్పూ లేదు. శాంతవ్వ దుప్పటి ముసుగేసుకుంది. గురువారం బీరమ్మ ఆ మంచం పక్కన నేల మీద చతికిలబడింది. ఏం నొప్పి అని అందరూ అడిగారు. బీరమ్మ అది అడగలేదు.

"ఏమైంది బిడ్డా?"

ముసుగులోంచే జవాబు వచ్చింది. "నా వార్డుల బొంరాస్‌పేట ముసలవ్వ. దూప అయితున్నది, నీళ్లియ్యి అన్నది. ఇంకొకామెకు కట్టు కడుతున్న. ఇప్పుడే తెస్త అన్న. తెచ్చేసరికి పోయింది పెద్దమ్మా."

ఇంకొకరైతే నీ తప్పేముంది అనేవారు. బీరమ్మకు ఓదార్చడం చేతకాదు, అడగడమే వచ్చు.

"మరి గిప్పుడు ఆ వార్డుల నీళ్లెవలిస్తున్నరు?"

ముసుగు కదిలింది. "తెల్వదు."

"జర అడిగి చెప్పు. నాకు ఎర్క గావాలె."

శుక్రవారం శాంతవ్వ పక్క మంచం మొగులమ్మను అడిగింది. నెల రోజుల్లో ఆ పిల్ల తనంతట తాను నోరు విప్పడం అదే. మొగులమ్మకు అప్పుడే డ్యూటీ దిగి ఒళ్లు హూనమై ఉంది. "ఇంకెవలు? నీ వార్డు గూడ నేనే చూస్తున్న. కాళ్లు గుంజుతున్నయ్," అని విసుక్కుంది. ఆ విసుగు శాంతవ్వకు గుచ్చుకుంది. లేచి కూర్చుని, ఆ పూట సగం గ్లాసు పాలు తాగింది. ఒక్క ప్రశ్నతో బెంగ తీరిందంటే నేను నమ్మను. మళ్లీ పడుకుంది, మళ్లీ ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం ఇరవై మంది మధ్య ఏడ్చింది.

శనివారం పొద్దున ప్యాసింజరులో యోహాను దిగాడు. కనుబొమల మీద ఇంకా రాతి పొడి ఉంది. వచ్చి మంచం అంచున కూర్చుని, బిడ్డ జబ్బలు తడిమి చూసి, "పెట్టె యాడున్నది బిడ్డా, పోదాం," అన్నాడు. బీరమ్మ పాలు పోయాల్సిన ఇళ్లు ఇంకా ఆరున్నా కదలకుండా స్తంభం దగ్గర నిలబడింది.

శాంతవ్వ తండ్రి ఎండిన పెదవులు చూసింది.

"దూప అయితున్నదా నాయినా?"

"అవు బిడ్డా."

"ఇప్పుడే తెస్త."

ఆ మాట విని బీరమ్మ గుమ్మం వైపు తిరిగింది. పిల్ల గోడలు పట్టుకుంటూ బయటకు నడిచింది. నీళ్ల కుండ వరండా చివర, మూడు వారాలు ఆమెను ఉంచిన గది పక్కనే ఉంది. ఎంతకూ రాదు. బీరమ్మ గుమ్మం మీదినుంచి చూపు తిప్పలేదు. జీవితంలో మొదటిసారి ఆమె నోట ఏ ప్రశ్నా రాలేదు. అప్పుడు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, సగం ఒలకబోసుకుంటూ శాంతవ్వ వచ్చింది. యోహాను గటగటా తాగేశాడు.

"ఇంకిన్ని తే బిడ్డా."

ఆమె మళ్లీ వెళ్లింది. యోహాను చుట్టూ చూసి బీరమ్మను అడిగాడు. "అక్కా, మా బిడ్డ మంచం గిట్ల అందరి నడుమ ఏసిన్రు, గదెందుకు?"

తనను ఆ మాట అడిగిన మనిషి అంతవరకూ లేడు. బీరమ్మ మొహం విప్పారింది. "కూసో తమ్మీ, చెప్త," అని తానూ కూలబడి, మంద సంగతి మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి ఆమె గుమ్మం వైపు చూడలేదు.

సాయంత్రం బండికి యోహాను ఒక్కడే తాండూరు వెళ్లాడు.