జెల్ల పొట్టలో వాసన

మాచర్లలో మా వీధికి వాగు చేపలు తెచ్చే అత్త, ముందు ఒక చేప పొట్ట చీల్చి, అది ఏం తిన్నదో వాసన చూశాకే బేరం మొదలుపెట్టేది. అప్పుడామెను ఎవరూ తొందరపెట్టకూడదు.

ఒకసారి మిరప చేలకు పురుగుమందు కొట్టిన మర్నాడే వాన కురిసి, ఆ నీళ్లు వాగులో కలిశాయి. ఆమె కోసిన జెల్ల పొట్టలో అన్నీ చచ్చిన పురుగులే. మందు వాసన గుప్పుమంది. వెంటనే బుట్ట మూసేసింది.

"పసుపేసి కడిగితే పోద్ది, ఇయ్యవే," అన్నాడు ఆ చేల ఆసామి.

"పసుపుకి విరిగే మందైతే పురుగు చచ్చేదా బాబాయ్?"

బుట్టెత్తుకుని తిన్నగా అతని చేనుకే పోయి, గొయ్యి తీసి చేపలన్నీ పూడ్చింది.

"నా చేలో ఏందే ఇది?" అని అతను వెనకాలే వచ్చి అరిచాడు.

"నీ మందే. నీకే తెచ్చిచ్చా."