సర్పంచ్ సాబ్‌కు పడ్డ దెబ్బలు

మంథని దగ్గర మా పల్లెలో మహిళా రిజర్వేషన్ వస్తే నేను సర్పంచ్‌గా గెలిచాను. కానీ కుర్చీలో మా ఆయనే కూర్చునేవారు. నేను పక్కన నిలబడి సంతకాలు పెట్టేదాన్ని. ఊరంతా ఆయననే "సర్పంచ్ సాబ్" అనేది.

ఆ ఎండాకాలం బోరు మోటారు కాలిపోయి వారమైనా నీళ్లు రాలేదు. గ్రామసభలో జనం నిలదీస్తే ఆయన నవ్వుతూ, "జర ఓపిక పట్టుండ్రి" అన్నారు. ఒకామె ఖాళీ బిందెతో ఆయన నుదుటి మీద కొట్టింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. వెంటనే కట్టెలు లేచాయి. చొక్కా నెత్తుటితో తడిసింది.

నేను అడ్డం వెళ్తే ఒకతను నన్ను నెట్టేశాడు. "నువ్వు జరుగు అక్కా, మాకు సర్పంచ్‌తోని పనుంది."

ఆయన తలకు చేతులు అడ్డం పెట్టుకుని అరిచారు. "కొట్టకుండ్రి, సర్పంచ్ నేను కాదు, గామె."

కట్టెలు ఆగాయి. అందరూ నా వైపు తిరిగారు. గెలిచాక ఆయన నన్ను సర్పంచ్ అనడం అదే మొదటిసారి. కుర్చీని లేపి కూర్చున్నాను. మళ్లీ ఆయనకివ్వలేదు.