ఆవిడ పడలేదండి

వాలంటీరు దళం శిబిరానికని మేము తాడేపల్లిగూడెం పాత ఏరోడ్రోములో దిగేసరికి ఉదయం ఆరున్నర. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, కార్తీక మాసం. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. యుద్ధం రోజుల్లో విమానాల కోసం పోసిన సిమెంటు బాట పగుళ్ళలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. బాటకు ఉత్తరాన మగవాళ్ళ గుడారాలు ఇరవై నాలుగు. దక్షిణాన మావి మూడు. మధ్య దూరం ఆరు వందల గజాలు. అనుమతి లేకుండా ఆ దూరం దాటకూడదని మొదటి రోజు మొదటి ఆర్డరు. ఆర్డరు ఆడవాళ్ళ గుడారాలకే వచ్చింది.

తలకు రెండు బూడిదరంగు కంబళ్ళు, ఒక దోమతెర, ఒక ఎనామిల్ పళ్ళెం, ఒక మగ్గు, రెండు జతల ఖాకీ ఇచ్చారు. బూట్లు మగవాళ్ళ సైజులవే వచ్చాయి. ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కుకుని నడిచాము. బూర అయిదింటికి. పెరేడు ఆరింటికి. గంజి ఎనిమిదింటికి.

నేను ఏలూరు కాలేజీలో చదువు ముగించి ఆ వాలంటీరు దళంలో హవల్దారుగా చేరాను. మా వీధిలో ఎవరైనా ఆ మాట ఎత్తితే నవ్వుతారు. "అదేం సైన్యమమ్మా, డ్రిల్లు చేయించారు, పంపించారు" అంటారు. నిజమే, మేము ఎవరి మీదా తుపాకి పేల్చలేదు. ఆరు వారాలు ఆర్డర్లు పాటించాము, అంతే. అందులో ఒక ఆర్డరు నేను పాటించకుండా ఉండవలసింది.

ఆ శిబిరం పెట్టిన పని ఇది. కొల్లేటి లంకల్లోనూ చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలోనూ కర్రసాము తెలిసినవాళ్ళను చేర్చుకుని, వాళ్ళకు బాక్సింగు నేర్పాలి. చివర పరీక్ష పెట్టి నెగ్గినవాళ్ళలో ఇద్దరిని పి.టి. ఇన్‌స్ట్రక్టర్లుగా తీసుకోవాలి. కర్ర తిప్పేవాడికి కాళ్ళ కదలిక, కంటి చురుకు ముందే ఉంటాయి కనుక పిడికిలి నేర్పడం తేలిక అని పైవాళ్ళ ఆలోచన. అది మంచి ఆలోచనే. ఆర్డరు కాగితం నేనే చదివాను. "కర్రసాము తెలిసిన సభ్యులు" అని ఉంది. మగవాళ్ళని ఎక్కడా లేదు.

మా గుడారంలో నాగమణి ఉంది. కొల్లేటికోట పిల్ల, పంతొమ్మిదేళ్ళు. చేపలు పట్టే కుటుంబం. తండ్రి ఆ లంకలో సాము గురువు. మగపిల్లలు లేకపోతే కూతురికే నేర్పాడు. గడ వేసి దోనె నడిపిన చేతులు ఆమెవి. జాబితాలో ఆమె పేరు రాసి కెప్టెన్ గారి గుడారానికి పంపించాను. పది నిమిషాల్లో మా స్టోరులో ఫీల్డ్ టెలిఫోను మోగింది.

"హవల్దారమ్మా, జాబితాలో పొరపాటు పడినట్టుంది."

"పొరపాటు లేదండి. ఆ అమ్మాయికి కర్రసాము వచ్చండి."

"వస్తే రానివ్వండి. పొద్దున్న గంజి దగ్గర తిప్పి చూపించమనండి, అందరికీ సరదాగా ఉంటుంది."

"ఆర్డరులో సభ్యులు అని ఉందండి."

ఆయన గొంతు మెత్తబడింది. "సరేనమ్మా. పరీక్షకు రానివ్వండి. పరీక్ష అందరికీ ఒకటే."

ఈ చివరి మాటను నేను న్యాయమనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, కాగితం మీద న్యాయంగా కనిపించినదల్లా నమ్మేదాన్ని.

రింగు ఉత్తరం వైపున వేశారు. నాలుగు సరుగుడు గుంజలు, మూడు వరసల కొబ్బరితాడు, కింద వరిగడ్డి పరిచి పైన టార్పాలిన్. రింగులో సాధన మగవాళ్ళకే. ఆడవాళ్ళు అటు రాకూడదు. నన్ను మాత్రం టైమ్‌కీపరుగా పెట్టుకున్నారు, స్టాప్‌వాచీ చూడటం వచ్చని. గంట లేదు. గుంజకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను సుత్తితో కొట్టడం నా పని.

నేర్పేవాడు ముసలి సుబేదారు, మన జిల్లావాడే. మొదటి రోజే ఆయనకు ఒక చిక్కు వచ్చింది. కొల్లేటి గరిడీలలో, సాము నేర్పే చోట్ల, ఒక ఆచారం ఉంది. ఎదుటివాడికి కర్ర తగిలిస్తే తగిలించినవాడు వెంటనే వంగి నేల ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. ఎదుటివాడి ఒంటికి దెబ్బ తగిలించినందుకు అతనికీ గురువుకీ చెప్పుకునే క్షమాపణ అది. అలా మూడు తగిలించి మూడుసార్లూ దండం పెట్టినవాడిదే గెలుపు. ఆ పిల్లలు గ్లవ్సు తొడుక్కున్నా అలవాటు పోలేదు. గుద్దు తగలడం, గుద్దినవాడు చటుక్కున వంగి టార్పాలిన్ ముట్టుకోవడం.

"ఓరి నాయనల్లారా!" అని సుబేదారు తల పట్టుకున్నాడు. "బాక్సింగులో చెయ్యి నేలకి తగిలితే పడిపోయినట్టు లెక్కర్రా! కొట్టినోడే పడిపోయాడని పది లెక్కెట్టాలా నేను?"

"దండమెట్టకపోతే కళ్ళు పోతాయండి," అన్నాడు కలిదిండి అబ్బాయి. నాగమణి తండ్రి దగ్గరే సాము నేర్చినవాడు.

"పోతే నా కళ్ళు పోతాయిలే, నువ్వు కానీ!"

ఆ పూట పదకొండు సార్లు జరిగింది. నేను లెక్కపెట్టాను. సుబేదారు ఒక్కసారి కూడా లెక్క మొదలుపెట్టలేదు. నవ్వుకుంటూ మళ్ళీ మొదలుపెట్టించాడు. చివరికి ఒక్కొక్కడి వెనకా ఇంకొకణ్ణి నిలబెట్టి, వంగకుండా బనీను పట్టుకు లాగమన్నాడు. అలా పది రోజులు. వాళ్ళకు అలవాటు తప్పింది.

నాగమణికి నేను స్టోరు షెడ్డు వెనక సాధన చేయించాను. ధాన్యం బస్తాలో రంపపుపొట్టు కుక్కి చూరుకు వేలాడదీశాము. సుబేదారు పాత గ్లవ్సు ఒక జత ఎవరూ చూడకుండా ఇచ్చాడు. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. తెరపి లేని వానలో కూడా. ఆమె పిడికిలి తగిలితే బస్తా గోడకు కొట్టుకునేది.

"ఇది మావాడెవడైనా అయితే ఈపాటికి గట్టుకెళ్ళి కూర్చునేవోడండి అక్కగారూ," అని నవ్వేది.

బస్తాను ఎన్నిసార్లు కొట్టినా ఆమె ఒక్కసారీ వంగలేదు. బస్తాకు ఎవరు దండం పెడతారు? అందుకే నాకు తోచలేదు. పదకొండు సార్లు కళ్ళారా చూసినదాన్ని, ఒక్కమాట ఆమెకు చెప్పాలని తట్టలేదు. ఎదుట ఒక మనిషిని నిలబెట్టి సాధన చేయించి ఉంటే మొదటి రోజే బయటపడేది.

పరీక్ష ఆరో వారం శనివారం, ఉదయం తొమ్మిదింటికి. రెండేసి నిమిషాల రౌండ్లు మూడు. బరువు సరిపోయిందని నాగమణికి ఎదురుగా కలిదిండి అబ్బాయిని నిలబెట్టారు. ఆడపిల్ల మీద మగవాణ్ణి నిలబెట్టడం ఏమిటని అడిగితే కెప్టెన్ గారు మళ్ళీ అదే మాట అన్నారు. పరీక్ష అందరికీ ఒకటే.

ఖాకీ చొక్కా, నిక్కరు, కొప్పు మీద బిగించి కట్టిన తువ్వాలు. ఆమె తాడు కింద నుంచి దూరి వస్తుంటే మగవాళ్ళ వైపు నుంచి ఈలలు. "చేపలబుట్ట ఎక్కడ పెట్టొచ్చావే?" అని ఎవడో అరిచాడు. "మీ అమ్మ నెత్తి మీదెట్టొచ్చానురా!" అంది నాగమణి. ఆ తరువాత ఈలలు తగ్గాయి.

మొదటి రౌండు, ఒక నిమిషం పది సెకన్లు. అబ్బాయి డొక్కలో ఆమె ఎడమచేతి దెబ్బ పడింది. అతను వెనక్కి తూలాడు. ఆమె చటుక్కున వంగి టార్పాలిన్ ముట్టుకుని గ్లవ్సు కళ్ళకద్దుకుంది. సుబేదారు నవ్వబోయి కెప్టెన్ గారి బల్ల వైపు చూశాడు.

"లెక్కపెట్టండి," అన్నారు కెప్టెన్ గారు.

సుబేదారు నవ్వు ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు. ఆమె నిలబడే ఉంది. ఎవరి కోసం లెక్కపెడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు. ఎనిమిది దగ్గర ఆపి మళ్ళీ మొదలుపెట్టించాడు.

రెండో రౌండులో అతని దవడ మీద ఆమె దెబ్బ. మళ్ళీ వంగింది. మళ్ళీ లెక్క. మూడోసారి పడితే ఆపేయమని కెప్టెన్ గారు చెప్పారు. పడితే అన్నారు. ఆమె ఒక్కసారైనా పడితే కదా!

రౌండ్ల మధ్య ఒక నిమిషం విరామం. నేను నా బల్ల దగ్గర నుంచి లేవకూడదు. కూర్చునే అరిచాను.

"నాగమణీ! నేల ముట్టుకోకు! ముట్టుకుంటే పడ్డట్టు లెక్క. మూడోసారి అయితే పరీక్ష పోయినట్టే!"

ఆమె నా వైపు తిరిగి చూసింది. "కొట్టొచ్చాండి?"

"కొట్టు. వంగకు."

"అలాగేనండి."

మూడో రౌండు, నలభై సెకన్లు. ఆమె కుడిచేయి అతని ముక్కు మీద పడింది. నెత్తురు చిమ్మింది. ఆమె వంగలేదు. నిటారుగా నిలబడింది. నేను వాచీ చూశాను. రెండు సెకన్లు. మూడు. అతని పెదవి మీదికి నెత్తురు కారడం ఆమె చూసింది. నా వైపు ఒకసారి చూసింది. తరువాత మెల్లగా, ఈసారి అలవాటు మీద కాదు, తెలిసే, వంగి నేల ముట్టుకుంది.

"అయ్యా, ఆవిడ పడలేదండి!" అని ముందు అరిచినవాడు దెబ్బ తిన్న కలిదిండి అబ్బాయే. "దండమెట్టిందండి! మా గరిడీలో అంతేనండి!"

"ఇది గరిడీ కాదు," అన్నారు కెప్టెన్ గారు. "టైమ్‌కీపర్, గంట."

నేను కొట్టాను. సుత్తి కింద పడేసి లేచి వెళ్ళిపోయి ఉండవచ్చు. కొట్టాను.

తరువాత కెప్టెన్ గారి బల్ల దగ్గరకు వెళ్ళి అడిగాను. "అబ్బాయిలకు పదకొండు సార్లు వదిలేశారు కదండీ?"

"అది ప్రాక్టీసమ్మా. ఇది పరీక్ష."

"ఆ అమ్మాయికి రింగులో ప్రాక్టీసు ఎప్పుడు ఇచ్చారండి?"

"చదువుకున్నవారు, మీరు కూడా అలా మాట్లాడితే ఎలాగండీ," అని ఆయన కాగితం నా ముందుకు తోశారు. మూడుసార్లు పడిపోయినది, దేహదార్ఢ్యం చాలదు, అని రాసి ఉంది. కింద టైమ్‌కీపరు సంతకానికి జాగా. సంతకం పెట్టాను. ఉద్యోగం ఒకటి కలిదిండి అబ్బాయికి ఇచ్చారు. అతని మీద నాకు కోపం లేదు. ఆ శిబిరంలో నిజం చెప్పినవాడు అతనొక్కడే.

ఇప్పుడు మా పాపకు పదకొండు నెలలు. ఇది రాస్తూ రెండుసార్లు లేచి దోమతెరలో ఒళ్ళు వెచ్చబడిందేమోనని చూసి వచ్చాను. రేపు ఇది పెద్దదై ఏదో ఒక బరిలోకి దిగుతుంది. దిగనివ్వకుండా తలుపు వేసేవాళ్ళంటే నాకు అంత భయం లేదు. తలుపు తీసి, "పరీక్ష అందరికీ ఒకటే" అని నవ్వుతూ పిలిచి, లోపల లెక్క మార్చేవాళ్ళంటేనే భయం.

శిబిరం ఎత్తేసిన రోజు నేను ఏలూరు లారీ ఎక్కలేదు. నాగమణితో గణపవరం మీదుగా ఆకివీడు వెళ్ళాను. అక్కడి నుంచి దోనె. సరస్సు నిండుగా ఉంది. ఆమె కుడిచేయి మణికట్టు దగ్గర వాచి ఉన్నా గడ తనే వేసింది.

"తెలిసే ఎందుకు వంగావు?" అని అడిగాను.

"నెత్తురొచ్చిందండి అక్కగారూ. నెత్తురు చూసి కూడా దండమెట్టకపోతే అది కొట్లాట అవుద్ది గానీ సామెలా అవుద్దండి?" అంది. కొంతదూరం పోయాక, "ఆ ఉద్యోగం నాకు కావాలండి," అంది.

తండ్రి గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నాకు పీట వేయించి, కూతురి వాచిన చేయి చూశాడు.

"తగిలించావా?"

"మూడు తగిలించాను నాన్నా."

"దండమెట్టావా?"

"మూడుసార్లూ ఎట్టాను."

ఆయన ముఖం విప్పారింది. వల పక్కన పెట్టి లేచాడు. నేను నోరు తెరవబోయాను. నాగమణి వాచిన చేత్తోనే నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ చేతి వేడి నాకు తెలుస్తూనే ఉంది.

ఆయన గట్టు దిగి మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళాడు. అప్పుడే వేట నుంచి దోనెలు తిరిగి వస్తున్నాయి. "మా అమ్మాయి గెలిచిందిరోయ్! గూడెంలో, ఆఫీసర్ల ముందు!" అని అరుస్తూ, వచ్చే ప్రతి దోనెకూ చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపిస్తున్నాడు.