మనిషి ఎత్తు ఇటుక

ఆ రోజుల్లో పైనుంచి వచ్చిన ఉత్తర్వులో తప్పుంటుందన్న ఊహే నాకు రాలేదు. కర్నూలు కొత్తగా రాజధాని అయింది. సగం ఆఫీసులు డేరాల్లో నడిచేవి, మాకు మాత్రం వసారా ఉన్న ఇల్లు దొరికింది. కట్టడాలకు వాడే సరుకు గట్టిదో కాదో చూసి సర్టిఫికెట్ రాయడం నా పని. ఇరవయ్యేళ్లవాణ్ణి, ఎత్తు ఐదడుగులకు తక్కువ (ఎంత తక్కువో ఇప్పుడెందుకు లెండి).

ఓర్వకల్లు దగ్గరి పల్లెలో బడి కడుతున్నారు. ఇటుకలు ఆ ఊరి బట్టీవి, బట్టీ ఒక అవ్వది. భర్త పోయాక బట్టీని ఆమే నడుపుతోంది. మనిషి ఎత్తు నుంచి పడేస్తే ఇటుక పగలరాదని నిబంధన. నేను పడేశాను, పగల్లేదు. మా ఓవర్సీరు (చాటుగా తాటిచెట్టు అనేవాళ్లం) పడేశాడు, రెండు ముక్కలైంది.

"బట్టీ అంతా పనికిరాదు," అన్నాడాయన.

అవ్వ నన్ను చూపించి, "ఏమప్పా, ఈ పొట్టాయప్ప మనిషి కాదా? పిల్లోళ్లు చర్చి వసారాలో సదువుకుంటాండారు. వానలొస్తే యాడ కూసుంటారు?" అంది.

నిజమే కదా! ఏ మనిషి ఎత్తు? పైకి రాశాం. నెల తర్వాత జవాబు వచ్చింది: "సగటు మనిషి." దాంతో మా ఆఫీసులో జవాన్లతో సహా అందరినీ గోడకు నిలబెట్టి కొలిచి, సగటు తీశాం. ఆ ఎత్తు మనిషి ఆఫీసులో ఒక్కడూ లేడు. చివరికి, సంగతేమైందో కనుక్కుందామని వచ్చిన అవ్వను కొలిస్తే అంగుళం తేడా లేకుండా సరిపోయింది!

గుమాస్తా అడ్డుపడ్డాడు. "మనిషి అంటే ఆడవాళ్లు కూడా వస్తారా, సార్?"

"మీ అమ్మనడుగు పోప్పా," అంది అవ్వ.

ఆఫీసు వసారాలో పరిచిన కడప బండ మీదికి అవ్వ తాను తెచ్చిన ఇటుకను తల ఎత్తు నుంచి వదిలింది. ఫెళ్లుమంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఇటుక నిక్షేపంలా ఉంది, బండ పగిలింది. ఆ బండ గట్టిదని సర్టిఫికెట్ రాసింది నేనే.

అవ్వ వంగి పగులు తడిమి చూసింది. "బండ శానా గట్టిగా ఉండాదప్పా. ఏమో, నా ఇటుకే పాపిష్టిది," అంది, నన్ను కాపాడుతున్నట్టు.

తాటిచెట్టు ముఖం తిప్పుకున్నాడు. నేను మాత్రం రాష్ట్రానికంతా పునాది వేస్తున్నవాడిలా ఛాతీ విరుచుకుని, పూర్తి పేరుతో, కింద రెండు గీతలు గీసి మరీ ఇటుకల సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. వానలకు ముందే బడికి కప్పు పడింది. ఆ ఛాతీ విరుచుకున్న కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ముద్దూ వస్తుంది.